ఒక్క ఊపిరితిత్తితో ముప్పది యేండ్లు

నిజామాబాదు పట్టణపు పాత వీథులలో నడచిపోవునపుడు, ఇంటి అరుగుల మీద ఒడిలో చాట నుంచుకొని బీడీలు చుట్టుచున్న స్త్రీలు కనబడుదురు. తునికాకును కొలతకు కత్తిరించుట, చిటికెడు పొగాకు నించి చుట్టుట, కొన మడిచి దారము కట్టుట, ఇవి యన్నియు మాటలాడుచునే చేయగలిగినంతగా వారి వ్రేళ్ళకు అలవాటైనవి. అటనుండి పడమటగా బోధను దారి పట్టినచో నిజాంసాగరు కాలువల క్రింది పొలములు వచ్చును. మంజీరా నదిపై ఆ జలాశయమును 1923 మొదలు 1931 వరకు కట్టిరి. ఆ నీటి బలముననే 1937లో బోధను చెంత శక్కరనగరమున చక్కెర కర్మాగారము వెలసెను. అది 2015లో మూతపడినది. అయినను చెరకు, బీడీ అను రెండు మాటలు ఈ సీమ వారి బ్రతుకునుండి వేరు కాలేదు. చెరకు నరికి నరికి అలసినవాడు గట్టుపై కూర్చుండి మొదట వెదకునది అగ్గిపెట్టెనే.

ఈ రెండు మాటల వెనుక నున్న మూడవ మాటను పలుకుటకు మాత్రము మనము జంకుదుము. అది ఊపిరితిత్తుల కాన్సరు. మన పెద్దలు రాచపుండు అని గొంతు తగ్గించి చెప్పుకొనిన జబ్బు ఊపిరితిత్తికి పట్టుటయే అది. వ్యాధి ముదరకముందే తెలిసినచో, చెడిన భాగమును శస్త్రచికిత్సచేత తీసివేయవచ్చునని వైద్యులు చెప్పుదురు. ఆ మాట వినగానే ఇంటిల్లిపాదికిని తోచు ప్రశ్న ఒక్కటే: ఊపిరితిత్తిని కోసి తీసివేసినచో మనిషి ఎట్లు బ్రతుకును? బ్రతికినను మునుపటి మనిషి యగునా?

ఈ ప్రశ్నకు చరిత్ర సమాధానము చెప్పినది. అది ఒక్క దినమున చెప్పినది కాదు. నూరేండ్లకు పైగా, కొంచెము కొంచెముగా చెప్పినది. ఆ కథను పాఠకుల ముందుంచవలెనని మా కోరిక.

ఊపిరితిత్తి అను మాటలోనే దాని స్వభావము ఇమిడియున్నది. కమ్మరి కొలిమి తిత్తి వలెనే అది గాలిని పీల్చి విడుచును. కాని ఒక భేదము కలదు. ఎదురొమ్మును తెరచినంతనే బయటి గాలి లోనికి చొచ్చి, ఊపిరితిత్తి నలిగిన సంచివలె ముడుచుకొనిపోవును. అందుచేత పందొమ్మిదవ శతాబ్దపు శస్త్రవైద్యులు కడుపు కోయ సాహసించిరి గాని ఎదురొమ్ము జోలికి పోవుటకు వెనుదీసిరి. 1904లో జర్మను వైద్యుడు సవర్‌బ్రూక్ గాలి ఒత్తిడి తగ్గించిన ఒక గదిని నిర్మించి, రోగి శరీరమును ఆ గదిలోపలను, తలను వెలుపలను ఉంచి ఈ చిక్కును దాటవచ్చునని చూపెను. తరువాత శ్వాసనాళములోనికి గొట్టము పంపి గాలి అందించు పద్ధతి వచ్చి, ఆ గదితో పనిలేకుండ జేసెను.

మత్తుమందు చరిత్రలో మన సీమకును పాలు కలదు. నిజామాబాదు నాడు ఇందూరను పేర హైదరాబాదు రాజ్యములో నుండెను. ఆ రాజ్యపు రాజధానిలో, అఫ్జల్‌గంజు ఆసుపత్రిలో, 1888లోను 1889లోను క్లోరోఫారము సంఘములు సమావేశమైనవి. నిజాము ప్రభువు ధనమిచ్చెను. డాక్టరు ఎడ్వర్డు లారీ ఆ పనిని నడపెను. క్లోరోఫారము ఇచ్చునపుడు నాడిని కాదు, శ్వాసను కనిపెట్టియుండవలెనని ఆయన బోధ. గుండెకు అపాయము లేదన్న ఆయన మాట పూర్తిగా నిజము కాదని తరువాతి పరిశోధకులు తేల్చిరి. అయినను మత్తులోనున్న మనిషి ఊపిరి మీదనుండి కన్ను మరలింపరాదను పాఠమునకు నేటికిని విలువ తగ్గలేదు.

1912లో రెండు సంగతులు జరిగినవి. అమెరికాలో ఐజాకు ఆడ్లరు అను వైద్యుడు ఊపిరితిత్తుల కాన్సరుపై గ్రంథము వెలువరించుచు, ఇది మిక్కిలి అరుదైన వ్యాధియని వ్రాసెను. సిగరెట్టు ఇంకను లోకమంతట వ్యాపింపని కాలమది. ఆ సంవత్సరముననే లండనులో మారిస్టను డేవీసు అను శస్త్రవైద్యుడు కాన్సరు పట్టిన ఊపిరితిత్తి భాగమొకదానిని తీసివేసెను. కోత చక్కగా జరిగెను. కాని ఎనిమిదవ దినమున రోగి మరణించెను. ఖాళీయైన చోట చీము చేరుటయే కారణము. ఈ శస్త్రచికిత్స చరిత్రలో మొదటి పాఠమిది: అపాయము కోతలో కన్న కోత తరువాతి దినములలోనే పొంచియుండును.

ఇరువది యొక్క సంవత్సరములు గడచినవి. అమెరికాలోని పిట్స్‌బర్గు నగరమున జేమ్సు గిల్మోరు అను ప్రసూతి వైద్యుడుండెను. వయస్సు నలుబది యెనిమిది. విడువని దగ్గు, జ్వరము పట్టుకొనెను. ఎడమ ఊపిరితిత్తిలో కాన్సరున్నదని పరీక్షలో తేలెను. సెయింట్ లూయి నగరమున ఎవార్ట్సు గ్రేహాము అను శస్త్రవైద్యుడు చికిత్సకు అంగీకరించెను. గిల్మోరు తాను వైద్యుడే గనుక ఎవరును ఆయన నుండి ఏమియు దాచలేదు. తన పనులు చక్కబెట్టుకొని వత్తునని ఊరికి పోయి, అక్కడ రెండు పనులు చేసెను. తనను పాతిపెట్టుటకు శ్మశానములో కొంత చోటు కొనెను. అటుపై తన దంతములను బాగు చేయించుకొనెను.

ఈ చిన్న సంగతిని మేము కావలెననియే ఇచ్చట చెప్పుచున్నాము. చావునకు సిద్ధపడుటయు, రేపటి అన్నము నమలుటకు సిద్ధపడుటయు ఒకే మనిషి, ఒకే ప్రయాణములో చేసెను. భయమును ఆశయును ఒకదాని నొకటి తరిమివేయవు. రెండును ఒకే మనస్సులో కలిసియుండును. శస్త్రచికిత్సకు పోవువారి మనస్సును గూర్చి ఇంతకంటె నిజమైన మాట చెప్పుట కష్టము.

1933 ఏప్రిలు 5వ తేదీన గ్రేహాము ఎదురొమ్ము తెరచి చూచెను. ఒక భాగము మాత్రమే తీయవలెనని అనుకొనెను గాని, వ్యాధి హద్దు దాటియుండెను. ఎడమ ఊపిరితిత్తిని మొత్తముగా తీసివేసెను. ఏర్పడిన ఖాళీ పూడుటకై ఏడు ప్రక్కటెముకలను గూడ తీసి, రొమ్ము గోడను లోనికి వాల్చెను. ఆ ఖాళీలో ద్రవము చేరి క్రమముగా అదియే సర్దుకొనునని, ఎముకలు తీయవలసిన పని లేదని తరువాత తెలిసినది. అనగా మొదటి రోగి తనకు అవసరము కానంత గాయమును భరించెనన్నమాట. ఆసుపత్రిలో డెబ్బది యైదు దినములుండెను. నడుమ చీము చేరి మరల శస్త్రచికిత్స కావలసి వచ్చెను. పిదప ఇంటికి పోయి, తిరిగి తన వృత్తిలో ప్రవేశించి, తల్లులకు పురుళ్ళు పోసెను. 1963 వరకు జీవించెను. ఒక్క ఊపిరితిత్తితో ముప్పది యేండ్లు!

ఆయనకు ప్రాణదానము చేసిన గ్రేహాము కథ వేరు. ఆయన చిరకాలము సిగరెట్లు కాల్చినవాడు. పొగాకుకును ఈ వ్యాధికిని సంబంధమున్నదని వైండరు అను వైద్యవిద్యార్థి చెప్పినపుడు మొదట నమ్మలేదు. ఇద్దరును కలిసి 684 మంది రోగులను పరిశీలించి 1950లో ఫలితములు ప్రకటించిరి. ఆ సంవత్సరముననే ఇంగ్లండులో డాలు, హిల్లు అనువారును ఆ సంగతినే వెల్లడించిరి. గ్రేహాము పొగ మానెను. కాని అప్పటికే ఆలస్యమైనది. 1957లో ఆయన ఊపిరితిత్తుల కాన్సరుతోనే మరణించెను. రోగి వైద్యునికంటె ఆరేండ్లు అధికముగా బ్రతికెను.

ఇక రేడియో వినువారికి ప్రత్యేకముగా చెప్పదగిన కథ యొకటి కలదు. 1951 సెప్టెంబరులో ఇంగ్లండు రాజు ఆరవ జార్జికి లండనులోని ఆయన ప్రాసాదములోనే ఎడమ ఊపిరితిత్తిని తీసివేసిరి. ప్రజలకు విడుదల చేసిన ప్రకటనలో కాన్సరు అను మాట లేదు. ఆ యేటి క్రిస్మసు ప్రసంగమును ఆయన మునుపటివలె నేరుగా చదువలేకపోయెను. ఊపిరి ఆడినంత వరకు కొన్ని వాక్యములు చదువుట, ఆగుట, మరల చదువుట, ఇట్లు ముక్కలు ముక్కలుగా ధ్వనిముద్రణ చేసి కూర్చిరి. శ్రోతలు విన్న ఆ ప్రసంగము వెనుక ఎన్ని నిట్టూర్పులున్నవో లెక్కించినవారు లేరు. 1952 ఫిబ్రవరి 6న ఆయన నిద్రలోనే గుండెజబ్బుతో మరణించెను.

ఒకడు వైద్యుడు, ఒకడు రాజు. మొదటివానికి అంతయు తెలియును. రెండవవాని వ్యాధి పేరును చుట్టునున్నవారు కప్పిపుచ్చిరి. తెలిసినందువలననే ఒకడు బ్రతికెననియు, దాచినందువలననే మరొకడు మరణించెననియు మేము చెప్పబోము. వ్యాధులు అట్టి న్యాయము పాటింపవు. కాని మన ఇండ్లలో నేటికిని జరుగునది రెండవ పద్ధతియే. "ఆయనకు చెప్పకండి, గుండె ఆగిపోవును" అని కొడుకులు వైద్యుని ప్రక్కకు పిలిచి బ్రతిమాలుదురు. తండ్రి అన్నియు గ్రహించి, పిల్లలు బాధపడుదురని తాను తెలియనట్లే నటించును. ఒకే కప్పు క్రింద అందరును ఒకే భయమును వేరువేరుగా మోయుచుందురు.

మేను కోలుకొను విద్యకును ఒక చరిత్ర కలదు. క్షయరోగుల చికిత్స దానికి తొలి బడియైనది. ఇంగ్లండులో ఫ్రిమ్లీ అను చోట ఇరువదవ శతాబ్దపు తొలి యేండ్లలో పాటర్సను అను వైద్యుడు కోలుకొనుచున్న రోగులచేత మొదట నడక, తరువాత చిన్న బుట్టల మోత, పిమ్మట పారపని, ఇట్లు మెట్టుమెట్టుగా పని చేయించెను. తెలుగునాట మదనపల్లె సమీపమున 1915లో తెరవబడిన ఆరోగ్యవరము క్షయ చికిత్సాలయము, ఫ్రిమోడ్ట్ మోలరు అను డేనిషు వైద్యుని నాయకత్వమున దేశమంతట పేరుగాంచెను. 1934లో లండనులోని బ్రాంప్టను ఆసుపత్రిలో వినిఫ్రెడు లింటను అను స్త్రీ, ఎదురొమ్ము శస్త్రచికిత్స పొందినవారికి శ్వాస వ్యాయామములు నేర్ప మొదలిడెను. గాయమైన ప్రక్కను చేయి ఆనించి, ఆ చేతిని పైకి నెట్టునట్లుగా మెల్లగా ఊపిరి పీల్చుట ఆ విద్యలో మొదటి పాఠము. మిగిలిన ఊపిరితిత్తిని విప్పారజేయుటకు రోగియే పని చేయవలెనను తలంపు అప్పటినుండి స్థిరపడెను.

మనస్సు కోలుకొనుటను గూర్చి మన జిల్లాయే ఒక పాఠము నేర్పినది. నిజామాబాదు చెంతనున్న డిచ్‌పల్లిలో కుష్ఠరోగుల ఆసుపత్రిని 1915లో నెలకొల్పినవారు స్కాట్లండు దేశపు వైద్యురాలు ఇసబెలు కెర్రు, ఆమె భర్త జార్జి కెర్రు. దానికి ధనసహాయము చేసినవాడు ఈ సీమ దాతయైన రాజా నర్సాగౌడు. వ్యాధి వేరు, చికిత్స వేరు. కాని ప్రశ్న ఒకటే: ఊరు భయపడి దూరముంచిన మనిషిని మరల మనుష్యులలో కలుపుట ఎట్లు? మందు దేహమునకు పట్టును. పట్టినను, ఇంటివారు గ్లాసు వేరుగా పెట్టినంత కాలము ఆ మనిషి రోగిగనే మిగిలిపోవును. కాన్సరు అంటువ్యాధి కాదు. అయినను శస్త్రచికిత్స చేయించుకొని వచ్చినవారి కంచము వేరు చేయు ఇండ్లు ఇంకను కలవు. డిచ్‌పల్లి ఆసుపత్రికి నూరేండ్లు నిండినవి. ఈ అపోహకు మాత్రము ఇంకను నూకలు చెల్లలేదు.

హైదరాబాదులో కాన్సరు ఆసుపత్రి 1955లో ఏర్పడి, తరువాత మెహదీ నవాజు జంగు పేర ప్రసిద్ధమైనది. ఎర్రగడ్డలో ఛాతీ వ్యాధుల ఆసుపత్రి కలదు. మన జిల్లా రోగులు ఈ రెండింటి దారియు ఎరుగుదురు. ఐతే చాలమంది ఆలస్యముగా పోవుదురు. దగ్గు, కళ్ళెలో రక్తము, బరువు తగ్గుట, ఇవి క్షయకును కాన్సరుకును సమానమే. క్షయ ప్రబలిన దేశమగుటచేత తొలుత దాని మందులే వాడి నెలలు పోగొట్టుకొనువారున్నారు. మందులు వాడినను దగ్గు విడువనిచో మరల పరీక్ష చేయుమని అడుగుట రోగి హక్కు. బీడీ త్రాగినవారికి ఈ హెచ్చరిక మరింత ముఖ్యము. ఎన్నడును పొగ త్రాగనివారికిని ఈ వ్యాధి వచ్చునని గూడ మరువరాదు.

నేటి శస్త్రచికిత్స గిల్మోరు పొందినట్టిది కాదు. కుడి ఊపిరితిత్తికి మూడు తమ్మెలు, ఎడమదానికి రెండు. వ్యాధి ఉన్న తమ్మెను మాత్రమే తీయుట సాధారణమైనది. 1990ల తొలి యేండ్లనుండి చిన్న రంధ్రముల గుండ కెమెరా పంపి చేయు పద్ధతి వ్యాపించినది. మిక్కిలి చిన్న గడ్డలకు తమ్మెలో కొంత భాగము తీసినను చాలునని జపాను వైద్యులు 2022లో ప్రకటించిన పరిశోధన తెలుపుచున్నది. రోగిని పడుకొనబెట్టక, వీలైనంత త్వరగా కూర్చుండబెట్టి నడిపించుట నేటి నియమము. డెబ్బది యైదు దినములకు మారుగా ఇప్పుడు పెక్కుమంది కొలది దినములలోనే ఇల్లు చేరుచున్నారు.

ఇల్లు చేరుట కోలుకొనుట కాదు. బోధను ప్రాంతపు రైతొకరు ఈ చికిత్స చేయించుకొని వచ్చిరనుకొందము. మొదటి వారములలో నాలుగడుగులకే ఆయాసము వచ్చును. దగ్గవలసి వచ్చినపుడు దిండును రొమ్మునకు అదుముకొని దగ్గినచో నొప్పి తగ్గును. దగ్గు ఆపుకొని కళ్ళె నిలువచేసికొనుట మాత్రము అపాయము. కోసిన ప్రక్కనున్న చేయిని కదలింపక దాచుకొన్నచో భుజము పట్టుకొనిపోవును. కనుక వైద్యులు చూపినట్లు దినమునకు పలుమార్లు దానిని ఎత్తుచుండవలెను. ప్రక్కటెముకల నడుమ నరముల తిమ్మిరి, మంట నెలల తరబడి యుండవచ్చును. పొలము గట్టుమీద నిన్న ఈ చెట్టు వరకు, నేడు ఆ చెట్టు వరకు నడచుటయే మేలైన వ్యాయామము. బరువు లెత్తుట వైద్యుడు అనుమతించిన తరువాతనే. జ్వరము, హఠాత్తుగా పెరిగిన ఆయాసము, గాయమున చీము, దగ్గులో రక్తము, కాలి వాపు, వీనిలో ఏది కనబడినను జాగు చేయక ఆసుపత్రికి పోవలెను.

మనస్సు గాయము దీనికంటె మెల్లగా మానును. ప్రతి దగ్గును వ్యాధి తిరిగి వచ్చిన గురుతుగా తోచును. నెలల కొకసారి జరుగు పరీక్షకు ముందు రాత్రులు నిద్ర పట్టదు. నలుగురిలో నవ్వుచు, ఒంటరిగా కంటతడి పెట్టుకొనువారున్నారు. ఇది పిరికితనము కాదు. ఆ గాయమునకు సహజమైన నొప్పియే. ఇట్టి దిగులు వారముల తరబడి విడువక, ఆకలిని నిద్రను హరించినచో దానికిని వైద్యమున్నది. దానిని వైద్యునితో చెప్పుట సిగ్గుపడవలసిన పని కాదు. ఇంటివారు చేయదగినది రెండే. "బీడీ త్రాగితివి గనుకనే వచ్చినది" అను మాటను మరల మరల అనకుండుట మొదటిది. మానినవానికి నింద మందు కాదు. అన్ని పనులను చేతినుండి లాగుకొని ఒక మూల కూర్చుండబెట్టకుండుట రెండవది. బీడీల చాటయే బ్రతుకుదెరువైన స్త్రీకి మాత్రము చిక్కు పెద్దది. మరల ఆ పొగాకు పొడి నడుమ కూర్చుండుట గూర్చి వైద్యునితోను, ఇంటివారితోను ముందుగా మాటలాడుకొనవలెను. ఆ ఆదాయము పోయినచో ఇల్లు గడచుట ఎట్లన్న ప్రశ్నను ఆమె ఒక్కతెకే వదలిపెట్టరాదు.

చెరకు రైతులకు తెలిసిన సంగతి యొకటి చెప్పి ముగింతుము. చెరకు నరికిన తరువాత నేలలో మిగిలిన మోడునుండి మరల పిలకలు లేచును. దానిని కార్శి తోట యందురు. నరికితిమి గదా, అదియే పెరుగునని వదలివేసిన రైతుకు పంట చేతికి రాదు. మోళ్ళను నేలమట్టముగా చెక్కి, తొలి వారములలోనే నీరు, ఎరువు అందించి, ఖాళీలు పూరించిన రైతుకు మాత్రమే తోట నిలుచును. కోత పూర్తియైన దినముననే అసలు సేద్యము మొదలగునని బోధను రైతుకు ఒకరు చెప్పవలసిన పని లేదు. ఆసుపత్రి నుండి ఇంటికి వచ్చిన మనిషి విషయమున గూడ దానిని జ్ఞాపకముంచుకొన్నచో చాలును.